తాంబూలంలో డాలరు

మా దొడ్డమ్మ అప్పలమ్మ ఎవరి బండీ ఊరికే ఎక్కేది కాదు. తోట లారీ అయినా, పక్క లైనువాళ్ళ సైకిలు వెనక సీటయినా సరే, దిగేటప్పుడు వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టేది. రెండు కోడిగుడ్లో, నాలుగు అరటిపళ్ళో, ఏమీ లేకపోతే కొత్తగా కట్టిన ఈనెల చీపురో. ఎవరైనా వద్దంటే మరోసారి వాళ్ళ బండి ఎక్కేది కాదు.

దీనికి కారణం ఓడ. దొడ్డమ్మ ఐదేళ్ళ పిల్లప్పుడు అమ్మానాన్నలతో ఓడ ఎక్కి ఈ దేశం వచ్చింది. రేవులో కూలీల్ని కుదిర్చే కంగాణి "టిక్కెట్టు ఊరికేరా, దొర ఇస్తున్నాడు" అన్నాడట. తోటకి వచ్చిన మొదటి నెలలోనే తాతయ్య జీతంలోంచి ఓడ డబ్బు కోయడం మొదలుపెట్టారు. ఎన్నేళ్ళు కోశారో చదువురాని ఆయనకి తెలియదు. ఆయన చనిపోయిన ఏడు కూడా కోశారని దొడ్డమ్మ చెప్పేది. "ఊరికే అన్న ఓడకి మా అయ్య కాటికెల్లినదాకా కట్టినాడే. ఊరికే అన్న మాటిన్నావంటే ఎనక్కి తిరిగి సూడకుండా వచ్చీ."

నన్ను కన్నప్పుడే మా అమ్మ పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే తోటకి వెళ్ళిపోయాడు. పిల్లలు లేక, మొగుడు పోయి ఒంటరిగా ఉన్న దొడ్డమ్మ నన్ను తెచ్చుకుని పెంచింది. బాగన్ దాతుక్ వైపు కొబ్బరి తోటలో, కూలీల వరస ఇళ్ళలో ఒకటి మా లైను ఇల్లు. ఒక గది, ముందు చిన్న వసారా. దొడ్డమ్మ పని కాయలు పగలగొట్టడం. గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో కాయ తిప్పి, కత్తి వెనక భాగంతో ఒక్క దెబ్బ వేసేది. కాయ సరిగ్గా సగానికి విడిపోయేది. రెండో దెబ్బ వేయడం నేను చూడలేదు. పొద్దున్న ఆరింటికి కూర్చుంటే ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేచేది కాదు. లైను ఇల్లు పనిచేసే చేతులకే. పనివాళ్ళ పట్టీలో పేరు పోతే ఇల్లూ పోతుంది. అది అందరికీ తెలుసు.

లెచ్చుమనన్ మావయ్య ఊళ్ళో కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తా. వాళ్ళ తాత ఒకప్పుడు మా తోటలోనే కిరాణి, అంటే ఆఫీసులో లెక్కలు రాసే మనిషి. వాళ్ళమ్మ మన మనిషి, నాన్న తమిళుడు. మావయ్య తెలుగు సగం తమిళంలా ఉండేది. ఎండుకొబ్బరి తూకానికి తోటకి వచ్చినప్పుడల్లా దొడ్డమ్మని అక్క వరసగా "అప్పా" అని పిలిచి, వసారాలో కూర్చుని కాఫీ తాగి వెళ్ళేవాడు. ఎవరిదగ్గరో పాత మారిస్ కారు కొనుక్కున్నాడు. దొడ్డమ్మకి కంటి మందు కావాలన్నా, గుడికి వెళ్ళాలన్నా, తను ఎలాగూ వెళ్తుంటే ఎక్కించుకునేవాడు.

మొదటిసారి దిగినప్పుడు దొడ్డమ్మ, అప్పట్లో ఇక్కడ చెల్లే డాలరు కాగితం తీసి ఇచ్చింది.

"ఏటప్పా ఇది? నాను టాక్సీవోడినా?" అన్నాడు మావయ్య.

"మరి నాను బిచ్చగత్తెనేటి?"

"కోపం వద్దులా అప్పా. నీ దగ్గర డబ్బులు తీసుకుంటే మా యమ్మ పైనుంచి తిడతాది."

ఆ రోజు డాలరు వెనక్కి తెచ్చింది గానీ రాత్రంతా ముభావంగా ఉంది. తర్వాతిసారి అతను ఎంత పిలిచినా కారు ఎక్కలేదు. ఆ పైసారి మూడు తమలపాకులు, రెండు వక్కలు, ఒక అరటిపండు, ఆకుల మధ్య మడతపెట్టిన డాలరు సిద్ధం చేసుకుని ఎక్కింది. దిగాక రెండు చేతులతో అందించింది. తాంబూలం చేతికిస్తే కాదనడం మనలో లేదు. మావయ్య కాసేపు ఆమె ముఖం చూశాడు. నవ్వి, తాంబూలం అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"గెలిసినావప్పా," అన్నాడు.

అప్పటినుంచి అదే పద్ధతి. ఆ డాలర్లు మావయ్య ఖర్చుపెట్టలేదని, దేవుడి పటం ముందు బిస్కట్ల డబ్బాలో వేసేవాడని ఆయన భార్య విజయలెచ్చుమి చాలా రోజుల తర్వాత చెప్పింది.

1956 జనవరిలో నన్ను తెలుక్ ఆన్సన్‌లో ఇంగ్లీషు బడిలో చేర్పించడానికి దొడ్డమ్మ మావయ్య కారులో తీసుకెళ్ళింది. బాగన్ దాతుక్ బడిలో ఆరో తరగతి అయిపోయింది నాకు. ఆ పై చదువు ఇక్కడ లేదు. "కాయలు పగలగొట్టడానికి నానున్నాను. నువ్వు కాయితాలు సదువు," అనేది దొడ్డమ్మ.

అవి కర్ఫ్యూ రోజులు. మా లైన్ల చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. అడవిలో దాక్కుని సర్కారుతో పోరాడే కమ్యూనిస్టులకి చేరుతుందని అన్నం మూట బయటికి పోనిచ్చేవారు కాదు. అందుకని పొద్దున్నే తిని బయలుదేరాం. సాయంత్రం ఆరింటికల్లా లోపల ఉండాలి. బడిలో పేరు రాయించాం. యూనిఫారానికి నీలం గుడ్డ కొన్నాం. తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు ఆపి కారులో ఉన్నదంతా దింపించారు. సీటు కింద, డిక్కీలో, నీలం గుడ్డ మడతల్లో కూడా బియ్యం కోసం వెతికారు. అక్కడే ముప్పావు గంట పోయింది.

"తమ్ముడూ, గేటు మూసీసినా కంచె బైట కూకుంటాను గానీ నువ్వు మెల్లగా ఎల్లు," అంది దొడ్డమ్మ.

"కూకుంటే కాల్సేస్తారప్పా," అన్నాడు మావయ్య. మేం ముగ్గురం నవ్వాం. మావయ్య కొంచెం వేగం పెంచాడు.

తోటకి రెండు మైళ్ళ దూరంలో పక్కదారిలోంచి పీచు బస్తాల ఎద్దుబండి ఒకటి రోడ్డు మీదికి వచ్చేసింది. బండివాడు అటూ ఇటూ చూసుకోలేదు. దాన్ని తప్పించబోయి కారు కాలవలోకి దిగింది. వెనక ఉన్న నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. మావయ్యకి భుజం ఎముక విరిగింది. ముందు సీట్లో ఉన్న దొడ్డమ్మ కుడి మోకాలు రేకు కింద ఇరుక్కుపోయింది. ఆమె అరవలేదు. "ఒలే రత్నీ, గుడ్డ తడవనియ్యకు," అంది.

దొడ్డమ్మ మూడు నెలలు తెలుక్ ఆన్సన్ ఆసుపత్రిలో ఉంది. నేను బడికి బదులు ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ చేరిన నాలుగో రోజున దొడ్డమ్మ తన చీర కొంగు ముడి విప్పించింది. అందులో నలిగి నల్లబడిన తమలపాకులు, వక్కలు, డాలరు ఉన్నాయి. ఆ రోజు కారు దిగాక ఇవ్వాల్సిన తాంబూలం.

"మగాళ్ళ వార్డుకెల్లి మీ మావయ్యకి ఇచ్చిరా."

"ఇప్పుడేటి దొడ్డమ్మా?"

"ఎక్కినాను గదా. దిగడం ఎలాగైతే ఏటి?"

వెళ్ళి ఇచ్చాను. మావయ్య భుజానికి కట్టు ఉంది. ఎడమచేత్తో తీసుకోవడానికి మొహమాటపడి, కుడిచేతి వేళ్ళు మాత్రం కట్టులోంచి చాపాడు. ఆ వేళ్ళ మధ్య పెట్టాను. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి వాడాడు.

ఇంటికి వచ్చాక దొడ్డమ్మ కాలు కర్రలా బిగుసుకుపోయింది. మోకాలు వంగదు. గొంతుక్కూర్చోలేదు. నిలబడి పగలగొడతానని బల్ల మీద కాయ పెట్టి ప్రయత్నించింది. మొదటి దెబ్బకి కాయ జారి, తోటలో పని చూసే కంగాణి కాళ్ళ దగ్గర పడింది. కంగాణి మంచివాడే. కాయ తీసి మళ్ళీ బల్ల మీద పెట్టి, అటు తిరిగిపోయాడు. తోట దొర ఒక ఏడాది గడువిచ్చాడు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయాలి.

అప్పుడే ఊరికి వెళ్ళే దారిలో కాలవ పక్కన చిన్న చెక్క ఇల్లు ఒకటి, పదకొండు కొబ్బరి చెట్లతో అమ్మకానికి వచ్చింది. దొడ్డమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి చూసింది. ఇంటి ముందు మెట్టు ఎత్తుగా ఉంది. దాని మీద కూర్చుంటే కాలు చాపుకోవచ్చు. ఆమె ఆ మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. చెట్లు లెక్కపెట్టింది. "పదకొండంటే ఇద్దరికి సాల్తాదే," అంది. ఆమె ఏదైనా కావాలని అడగడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ ఇంటికి డబ్బు బీమా నుంచి వస్తుందని మావయ్య చెప్పాడు. మాకు బీమా అంటే ఏమిటో తెలియదు. ఒక ఆదివారం కాగితం తెచ్చి వసారాలో కూర్చుని వివరించాడు.

"తప్పు ఎద్దుబండోడిది. కానీ ఎద్దుబండికి బీమా ఉండదు. ఆడి దగ్గర ఆ రెండెద్దులు తప్ప ఏటీ లేదు. అందుకని నా కారు కాయితమే మనకి దిక్కు. మామూలుగా కారు కాయితం రోడ్డు మీద నడిసినోళ్ళకి దెబ్బ తగిల్తే ఇస్తాది. లోపల కూకున్నోళ్ళకి ఇవ్వదు. నాను మాత్రం ఇంకొంచెం కట్టి లోపలోళ్ళకి కూడా రాయించినాను. మన అదృష్టం."

"రోడ్డు మీదోడు ఎవడో తెలీదు. లోపలోడు మనోడు. ముందు మనోడికి గదా ఇవ్వాల?" అంది దొడ్డమ్మ.

"అదే అప్పా, ఆళ్ళ లెక్క వేరు."

కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. కింద చిన్న అక్షరాల్లో, కారు సొంత పనులకి మాత్రమేనని, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే చెల్లదని ఉంది. అది చదివి చెప్పాను. మావయ్య తలూపాడు. "అది దొంగ టాక్సీలోళ్ళకి," అన్నాడు. తాంబూలం మాట మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మా దృష్టిలో అది డబ్బు కాదు.

కంపెనీ తరఫున విచారణకి వచ్చినాయన పేరు నారాయణసామి. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి. మా వసారాలో ఒకే ఒక కుర్చీ వేశాం. పక్కింటి రాసమ్మ గుమ్మంలో నిలబడి, "పెళ్ళిసూపులకి ఏసినట్టేసినారే కుర్సీ. పెళ్ళికూతురు ఎవురు, అప్పలమ్మా?" అంది. అందరూ నవ్వారు. లైన్లో ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మావయ్య దూరంగా కొబ్బరి మొదలుకి ఆనుకుని నిలబడ్డాడు. సాక్ష్యం జరిగేటప్పుడు దగ్గర ఉండకూడదని ఆయనకి చెప్పారు.

నారాయణసామి తమిళంలో అడుగుతున్నాడు. దొడ్డమ్మకి తమిళం బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం తెలుగులోనే చెప్పేది. ఆయనకి అర్థం కాని చోట నేను చెప్పాను. పేరు, వయసు, పని, ఎక్కడికి వెళ్ళారు, బండి ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నీ రాసుకున్నాడు. దొడ్డమ్మ కాలు చూశాడు. మోకాలి మీద చెయ్యి వేసి, "నొప్పిగా ఉంటుందా అమ్మా?" అన్నాడు. ఆయన మంచివాడని నాకు అప్పుడే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

తర్వాత ఆయన కలం పట్టుకుని, తలెత్తకుండా, రాయడానికి సిద్ధంగా అన్నాడు. "లెచ్చుమనన్ నిన్ను ఊరికే ఎక్కించుకున్నాడు. అంతే కదా అమ్మా?"

అది ప్రశ్న కూడా కాదు. ఆమె ఊ అంటే చాలు. కానీ దొడ్డమ్మ వీపు నిటారుగా అయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళని ఒకసారి చూసింది.

"ఊరికేనా? నానెప్పుడూ ఎవరి బండీ ఊరికే ఎక్కలేదు బాబూ. కావాలంటే ఈళ్ళని అడుగు."

"అవునవును," అంది రాసమ్మ. "మా ఆయన సైకిలెక్కినా గుడ్డిస్తాది."

నారాయణసామి కలం ఆగింది. "డబ్బు ఇచ్చావా?"

"తాంబూలం ఇచ్చినాను. ఆకు, వక్క, పండు, డాలరు. ఎక్కినన్నిసార్లూ ఇచ్చినాను."

నాకు కాగితం కింది చిన్న అక్షరాలు కళ్ళముందు కనిపించాయి. ఆయన కలం పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎందుకో చాలా నెమ్మదిగా అడిగాడు.

"సరే అమ్మా. ఆ రోజు సంగతి చెప్పు. ప్రమాదం జరిగిన రోజు. ఆ రోజు ఏమీ ఇవ్వలేదు కదా?"

"ఆ వేళ దిగనేలేదు గదా, ఎలగిస్తాను?"

"అయితే ఇవ్వలేదు." ఆయన మళ్ళీ కలం తీశాడు. ముఖం కొంచెం తేలికపడింది.

"ఇవ్వకేటి? ఆసుపత్రిలో ఇచ్చినాను. ఈ గుంట సేతే పంపించినాను. సెప్పవే రత్నీ."

అందరూ నా వైపు తిరిగారు. నారాయణసామి కూడా చూశాడు. "ఇచ్చావా అమ్మాయీ?" అన్నాడు. గట్టిగా అడగలేదు. లేదు అని తల అడ్డంగా ఊపితే అదే రాసుకుని వెళ్ళిపోయేవాడు. దొడ్డమ్మ నన్నే చూస్తోంది. అంతమంది మధ్య ఆమె మాటని నేను అబద్ధం చేస్తానని ఆమెకి కలలో కూడా తోచదు. పదమూడేళ్ళు నాకు. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పడం రాదు. అది డబ్బు కాదండీ, మర్యాదండీ అని చెప్పాలని ఉంది. ఆ మాటలు తమిళంలో ఎలా చెప్పాలో కూడా తెలుసు.

తల ఊపాను. ఇచ్చానని.

ఆయన ఇంగ్లీషులో రాసి, ఆ కాగితం నా చేతికిచ్చాడు. "చదివి మీ దొడ్డమ్మకి చెప్పు. తప్పేమైనా ఉంటే దిద్దుతాను. తొందరేం లేదు." రెండుసార్లు చదివాను. ప్రతి ప్రయాణానికి ఒక డాలరు చెల్లించినట్టు ఉంది. ఆకు లేదు, వక్క లేదు, పండు లేదు. అయినా అందులో అబద్ధం ఒక్కటి కూడా కనిపించలేదు నాకు. తెలుగులో చెప్పాను. దొడ్డమ్మ తృప్తిగా విని, బొటనవేలు ముద్ర వేసింది. వెళ్ళేటప్పుడు నారాయణసామికి కాఫీ ఇచ్చి, అరటిపళ్ళు సంచిలో పెట్టింది.

1957 ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. డబ్బుకి మనుషుల్ని తిప్పిన కారు కాబట్టి కంపెనీ ఏమీ ఇవ్వదు. మావయ్య కారుకీ ఇవ్వదు, భుజానికీ ఇవ్వదు, దొడ్డమ్మ కాలికీ ఇవ్వదు.

మావయ్య ఆ బిస్కట్ల డబ్బా పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళాడు. ఎనిమిది డాలర్లూ ఎలా మడతపెట్టినవి అలాగే ఉన్నాయని, కొన్నిటికి తమలపాకు మరక కూడా ఉందని, ఇది కిరాయి అయితే ఎవరైనా దేవుడి ముందు పెట్టుకుంటారా అని అడిగాడట. అక్కడివాళ్ళు డబ్బాలోకి చూసి, తీసుకున్నట్టు మీరే రుజువు తెచ్చారు కదా అన్నారట. ప్లీడరుని పెట్టి కోర్టుకి వెళ్తే నెగ్గవచ్చని ఎవరో చెప్పారు. ప్లీడరుకి ఇచ్చేంత ఉంటే మేం ఆ చెక్క ఇల్లే కొనుక్కునేవాళ్ళం.

ఆ సాయంత్రం డబ్బా తెచ్చి దొడ్డమ్మ ముందు పెట్టాడు.

"అప్పా, ఇవి నువ్వే ఉంచు. నా ఇంట్లో సూడలేకపోతున్నాను."

"ఇచ్చిన తాంబూలం ఎనక్కి తీసుకుంటారేటి తమ్ముడూ? తీసుకెల్లు."

"నువ్వు ఊరికే అని ఒక్క మాటంటే..." అన్నాడు మావయ్య.

దొడ్డమ్మ చాలాసేపు తన కాలు నిమురుకుంది. ఆ ఇంటి మెట్టు ఆమె మనసులో ఉందని నాకు తెలుసు. "మా అయ్య కూడా ఊరికే అన్న మాట నమ్మినాడు. నానేమో నమ్మలేదు. ఇద్దరికీ ఒకటే అయింది సూడు," అంది. కోపం లేదు ఆ గొంతులో. నన్ను ఒక్క మాట అనలేదు, అప్పుడూ తర్వాతా. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఏప్రిల్లో లైను ఇల్లు ఖాళీ చేశాం. పాపమ్మ అని దొడ్డమ్మకి చెల్లెలి వరస ఆమె, ఊరి చివర తన ఇంటి వెనక కట్టెల పాక ఖాళీ చేసి ఇచ్చింది. దొడ్డమ్మ ఎత్తు పెట్టె మీద కూర్చుని, కాలు చాపుకుని చీపుర్లు కట్టేది. నేను రెండిళ్ళలో గిన్నెలు కడిగి, బట్టలు ఉతికేదాన్ని. నీలం గుడ్డతో రెండు జాకెట్లు కుట్టించుకున్నాను.

ఆగస్టు ఆఖరున మెర్డెకా వచ్చింది. ఊళ్ళో జెండాలు, బ్యాండు. తోట కుర్రాళ్ళు లారీ నిండా ఎక్కి, మా పాక ముందు ఆపి, "అప్పలమ్మత్తా, రా! సొతంత్రం వచ్చింది, లారీ ఊరికే!" అని అరిచారు.

"ఊరికే అయితే నాకొద్దురా," అని నవ్వింది దొడ్డమ్మ. తర్వాత ఏమనుకుందో, ఒక కొత్త చీపురు నా చేతికిచ్చింది. "డ్రైవరుకియ్యి. నువ్వెల్లి సూసి రా." వెళ్ళాను. జెండాలు చూశాను. తిరిగి వచ్చేసరికి ఆమె అదే పెట్టె మీద, అదే వైపు తిరిగి కూర్చుని ఉంది. చెక్క ఇల్లు కొనుక్కున్నవాళ్ళు గుమ్మానికి కాగితపు జెండాలు కట్టారని నేను చెప్పలేదు.

1960లో, ఆగస్టు నెలలో, దొడ్డమ్మ తెలుక్ ఆన్సన్ ఆసుపత్రిలో పోయింది. కాలు కాదు, జ్వరం. లెచ్చుమనన్ మావయ్య షావుకారుని బతిమాలి కొబ్బరి సరుకు వ్యాను తెచ్చాడు. వెనక చాప పరిచి ఆమెని పడుకోబెట్టాం. నేను పక్కన కూర్చున్నాను. నాలుగేళ్ళ కిందట పోలీసులు కారు ఆపి వెతికిన చోటుకి వచ్చాం. అంతకు ముందు నెలలోనే, ఆ కర్ఫ్యూలూ సోదాలూ తెచ్చిన ఎమర్జెన్సీ అయిపోయిందన్నారు. అడ్డుకర్ర లేదు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. వ్యాను నెమ్మదిగానే వెళ్ళింది. కారు కాలవలోకి దిగిన చోట ఇంకా నెమ్మదిగా వెళ్ళింది.

పాపమ్మ ఇంటి ముందు దింపాక, పాకలోకి వెళ్ళి దొడ్డమ్మ ఆకుల పెట్టె తెరిచాను. మూడు తమలపాకులు, రెండు వక్కలు తీసుకున్నాను. పండు పాపమ్మ పిన్నిని అడిగాను. ఆకుల మధ్య డాలరు మడతపెట్టి, రెండు చేతులతో మావయ్యకి అందించాను.

ఆయన వెనక్కి తగ్గాడు. "వద్దే అమ్మా. దీనివల్లే గదా..."

"తాంబూలం మావయ్యా," అన్నాను.

ఆయన సరిగ్గా పైకి లేవని ఆ కుడిచేతితోనే అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఎవరైనా అడిగితే ఏటి సెప్తావే?" అన్నాడు.

"ఇచ్చినామని సెప్తాను," అన్నాను.